సెకండ్ హ్యాండ్ పోలో జీటీ కొన్నాను, చేతిలో లక్షన్నర ఉంది: మోడిఫికేషన్ ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇక్కడ ఒక తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఉండేది తిరుపతిలోనే. 2014 ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ (టర్బో పెట్రోలు) ఆటోమేటిక్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు, 78 వేల కిలోమీటర్లు తిరిగింది. రీమ్యాప్ (పవర్ పెంచడానికి ఇంజన్ కంప్యూటర్ ప్రోగ్రాం మార్చడం), ఫ్రీ ఫ్లో ఎగ్జాస్ట్ (అడ్డు తక్కువ, సౌండు ఎక్కువ ఉండే సైలెన్సర్), లోయరింగ్ స్ప్రింగులు (బండి ఎత్తు తగ్గించే పొట్టి స్ప్రింగులు), మూడూ ఒకేసారి చేయించేద్దామని ఉంది. ఫ్రెండ్స్ మాత్రం ఆ బండిని 'స్కూల్ డ్రాపింగ్ బండి' అని ఏడిపిస్తున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎవరి మాట వినాలి అని ప్రశ్న.

సూటిగా చెప్తాను. మొదటి డెబ్బై ఎనభై వేలు బ్రేకులు, టైర్లు, కూలింగ్, సర్వీసు, షాక్ అబ్జార్బర్ల మీద పెట్టు. మిగిలింది చేతిలోనే ఉంచుకో. రీమ్యాప్ ఆరు నెలల తర్వాతి మాట. ఎగ్జాస్ట్, లోయరింగ్ స్ప్రింగులు మన ఊరి రోడ్లకు వద్దు. ఇక ఫ్రెండ్స్ ఎగతాళి సంగతి: అందులో సగం బంగారం, సగం పొట్టు. ఏది ఏదో ఎలా తెలుసుకోవాలో చెప్తాను.

రేణిగుంట రోడ్డు వైపు మా బావ షెడ్డులో ఆదివారం పొద్దున చేరడం మాకు ఇరవై ఏళ్ల అలవాటు. ఒకడిది పాత హోండా సిటీ వీటెక్, ఒకడిది లీనియా టీ-జెట్, నాది 2002 పాలియో 1.6. ఎలక్ట్రికల్ పని చేసే తమ్ముడు ఒకడు, టింకరింగ్ చేసే పెద్ద భాయ్ ఒకాయన. ఆ షెడ్డులో ఎవరి బండి బానెట్ లేచినా ముందు పది నిమిషాలు ఎగతాళే. కొత్తగా వచ్చినవాళ్లు చిన్నబుచ్చుకుంటారు. నాలుగు వారాలు పోయాక వాళ్లకే అర్థమవుతుంది, అక్కడ పడే ప్రతి జోకులోనూ ఒక రోగనిర్ధారణ ఉందని.

లీనియా ఉన్నవాడి సంగతే తీసుకో. ఒక రోజు బండి గుంజడం లేదని మొహం వేలాడేసుకుని వచ్చాడు. ఎవరో టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే ఫ్యాను) పోయిందని చెప్పారట, మార్చాలంటే వేలల్లో ఖర్చు. యాక్సిలరేటర్ తొక్కగానే లోపల్నుంచి సన్నగా 'ఉస్స్'మని వస్తోంది. మా భాయ్ చెవి పెట్టి విని, "టర్బోకు పడిశం పట్టిందిరా, మిరియాల కషాయం పొయ్యి" అన్నాడు. అందరూ నవ్వారు, వాడు మాత్రం నవ్వలేదు. కానీ పడిశం అంటే ఏంటి? ముక్కు కారడం. గాలి ఎక్కడో కారుతోందని ఆయన అన్నది. షాంపూ కలిపిన నీళ్లు సీసాలో పోసి టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు (ఆ గాలిని చల్లబరిచే భాగానికి) పోయే పైపుల జాయింట్ల మీద చల్లుకుంటూ పోయాం. ఒకడు లోపల కూర్చుని రేస్ ఇస్తున్నాడు. కింద వైపు మోచేతిలా వంగిన రబ్బరు గొట్టం దగ్గర, క్లాంపు అంచున, మినప్పప్పు గింజంత బుడగ లేచింది, పగిలింది, మళ్లీ లేచింది. అంతే. క్లాంపు మార్చాం, వంద రూపాయలు కూడా కాలేదు. ఆరేళ్లైనా వాడు షెడ్డుకు రాగానే "ఏం సామీ, పడిశం తగ్గిందా?" అని అడగని వారం లేదు.

ఇంకొకడు స్విఫ్టుకు లోయరింగ్ స్ప్రింగులు వేయించాడు. షెడ్డు ముందున్న స్పీడ్ బ్రేకర్ దాటేటప్పుడు బండి కడుపు గరగరమని రాసుకుంది. మా బావ, "మొక్కు ఉండాదేమో, అంగప్రదక్షిణం చేస్తా వస్తాండాది" అన్నాడు. నవ్వులాట అయ్యాక చూస్తే సంప్ (ఇంజన్ కింద ఆయిల్ ఉండే తొట్టి) అడుగున గీతలు, ఒక పక్క బంప్ స్టాపర్ (షాక్‌కు దెబ్బ తగలకుండా ఆపే రబ్బరు) నలిగి పిండైపోయింది. ఒరిజినల్ షాకుల మీద పొట్టి స్ప్రింగు వేస్తే షాక్ పూర్తిగా పనిచేసేంత ఆట ఉండదు. ప్రతి గుంతకూ అడుగు తగులుతుంది, కొన్నాళ్లకు షాక్ కారిపోతుంది. మన తిరుపతి వీధుల్లో ఎవరింటి ముందు వాళ్లు సొంతంగా కట్టుకున్న స్పీడ్ బ్రేకర్లు ఎన్ని ఉన్నాయో నీకు నేను చెప్పాలా? నలుగురు ఎక్కితే కథ ఇంకా ఘోరం.

అందుకే ఎవరి మాట వినాలి అన్నదానికి నా లెక్క ఇది. బండిలో ఉన్న లోపం మీద వేసే జోకును చెవులు రిక్కించి విను. బండిలో లేని వస్తువు మీద వేసే జోకును వదిలెయ్. 'బ్రేకు తొక్కితే నీ బండి ఆలోచించుకుని ఆగుతోంది' అన్నవాడు నీకు మేలు చేస్తున్నాడు. 'ఎగ్జాస్ట్ లేదు, స్పాయిలర్ లేదు, స్కూల్ డ్రాపింగ్ బండి' అనేవాడు నీ డబ్బుతో తన సరదా తీర్చుకుంటున్నాడు. ఇంకో గుర్తు కూడా ఉంది. జోకు వేసినవాడు ఆ తర్వాత చొక్కా చేతులు మడిచి బండి కిందికి దూరాడా లేదా చూడు.

ఇప్పుడు బ్రేకులు. దీని గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే నాకు ఇది దెబ్బ తగిలి వచ్చిన పాఠం. పాలియో కొన్న కొత్తలో ముందు అల్లాయ్ వీల్స్ వేయించాను, ఎగ్జాస్ట్ మార్పించాను. బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో అడగాలని కూడా తోచలేదు. కుటుంబాన్ని తీసుకుని తిరుమల దర్శనానికి వెళ్లి, దిగేటప్పుడు మూడో గేరులో బ్రేకు మీద కాలు పెట్టుకునే దిగాను. సగం దారి దాటాక ఒక మలుపు ముందు పెడల్ తొక్కితే దూదిలో కాలు పెట్టినట్టు లోపలికి దిగిపోయింది. రెండో గేరు, హ్యాండ్ బ్రేకు, గోడ పక్కన మట్టి, ఈ మూడింటి సాయంతో ఆగింది. వెనక సీట్లో మా అమ్మ గోవింద నామం చెప్పుకుంటూ ఉంది. ఇరవై ఏళ్లు కావస్తున్నా ఆ కాలి కింది మెత్తదనం నాకు గుర్తుంది.

ఎందుకలా అయిందంటే, తిరుమల మన ఊరికంటే దాదాపు ఏడు వందల మీటర్లు ఎత్తు. నీ పోలో, లోపల నలుగురు కలిసి 1,400 కిలోల దాకా ఉంటారు. అంత బరువు అంత ఎత్తు నుంచి దిగేటప్పుడు వదిలే శక్తిని వేడిగా లెక్కకడితే, సుమారు ముప్పై లీటర్ల నీళ్లు మరిగించవచ్చు. రెండు పెద్ద బిందెలు. ఇంజన్ బ్రేకింగ్ (చిన్న గేరులో పెట్టి ఇంజన్‌తోనే వేగం తగ్గించడం) వాడకపోతే అందులో ఎక్కువ భాగాన్ని భరించేది ముందున్న రెండు డిస్కులు, వెనక రెండు డ్రమ్ములే. బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ఆయిల్ నొక్కితే కుదించుకుపోదు, ఆవిరి కుదించుకుపోతుంది. నా కాలి కింద మెత్తగా అనిపించింది ఆ ఆవిరే.

నీ బండి ఆయిల్ రెండేళ్లకోసారి మార్చాలి. పాత ఓనరు మార్చాడన్న బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకో. మేం చేసే పద్ధతి చెప్తాను. చక్రం దగ్గర ఆయిల్ బయటికి వదిలే బ్లీడర్ నిప్పుల్‌కు సెలైన్ ట్యూబు తొడిగి, రెండో కొసను వాటర్ బాటిల్‌లో పెడతాం. ఒకడు డ్రైవర్ సీట్లో. బయటివాడు "తొక్కు... పట్టు... వదులు" అని చెప్తూ ఉంటాడు. పెడల్ తొక్కి పట్టినప్పుడే నిప్పుల్ తెరవాలి, మూసేదాకా లోపలివాడు కాలు తీయకూడదు. మొదట నల్లగా కాఫీ డికాషన్‌లాగా వస్తుంది, తర్వాత టీ రంగు, చివరికి తేనె రంగు. తేనె రంగు వచ్చి బుడగలు ఆగేదాకా ఆపకూడదు. పైన డబ్బాలో ఆయిల్ అడుగంటకుండా ఒకరు చూస్తూ ఉండాలి. అది మరిచిపోతే గాలి లోపలికి పోయి మళ్లీ మొదటికొస్తుంది. ఇది అనుభవం ఉన్నవాళ్ల పక్కన నిలబడి నేర్చుకో, ఒంటరిగా మాత్రం మొదటిసారి ప్రయత్నించకు.

దానితోపాటు మంచి బ్రాండు ప్యాడ్లు వేయించి, డిస్కు మందం కొలిపించు. పెద్ద డిస్కుల కిట్ అక్కర్లేదు.

కొండ దిగేటప్పుడు డీఎస్‌జీని (నీ బండి ఆటోమేటిక్ గేర్‌బాక్సుని) 'డి'లో వదిలేయకు. లివర్ పక్కకు జరిపి మాన్యువల్‌లో రెండు, మూడు గేర్లలో పట్టుకో, ఇంజనే బండిని నిదానం చేస్తుంది. బ్రేకును నొక్కి వదిలెయ్, ఆనించి ఉంచకు.

టైర్లు. సైడు మీద నాలుగు అంకెలు ఉంటాయి చూడు. 2316 అని ఉంటే 2016లో 23వ వారం తయారైందని. బటన్ (టైరు మీది గాళ్లు) ఎంత లోతున్నా, ఐదారేళ్లు దాటి మన ఎండలో నిలబడ్డ టైరు రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది. గోరుతో నొక్కితే తెలుస్తుంది. నీ బండికి 185/60 ఆర్15 కంపెనీ సైజు. అదే సైజులో మంచి గ్రిప్ ఉన్న రకం వేయించుకో చాలు. టైర్ల ఫ్యాక్టరీ మన ప్రాంతంలోనే చినపాండూరు దగ్గర ఉంది, అయినా మనవాళ్లు టైరు తేదీ చూడరు! రీమ్యాప్ ఇచ్చే ఆనందంలో సగం కొత్త టైర్లే ఇస్తాయి, ఇది నేను మనస్ఫూర్తిగా చెప్తున్న మాట.

కూలెంట్ విషయంలో ఒక్కటే: బోరు నీళ్లు పోయకు. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, రేడియేటర్ లోపల గారలాగా పడుతుంది. కంపెనీ చెప్పిన కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. ఇంజన్ ఆయిల్ ఫోక్స్‌వ్యాగన్ 502 00 ప్రమాణం అని డబ్బా మీద ఉన్నదే కొను. స్పార్క్ ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ మార్చేయ్. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, నీ బండి అంతకు ముందు తరానిది. కాబట్టి పెట్రోలు పైపుల రబ్బరు పగుళ్లు ఇచ్చిందేమో సర్వీసు చేసేటప్పుడల్లా చూపించు.

నీ ఇంజన్‌కు బహుశా టైమింగ్ చెయిన్ (వాల్వులు, పిస్టన్లు లయ తప్పకుండా కదిలించే గొలుసు) ఉంటుంది, సర్వీసులో అడిగి ఖాయం చేసుకో. బెల్టు కాదు కదా, జీవితాంతం వస్తుందని నమ్మి చాలామంది పట్టించుకోరు. చెయిన్ ఉన్న ఈ ఇంజన్‌లో అది సాగడం తెలిసిన సమస్యే. రాత్రంతా ఆగిన బండిని పొద్దున స్టార్ట్ చేసినప్పుడు రెండు మూడు సెకన్లు గొలుసు డబ్బాలో వేసి ఊపినట్టు గలగలమంటే, ముందు దాని పని చూడాలి. రీమ్యాప్ సంగతి అప్పటిదాకా ఎత్తకు. చెయిన్ పళ్లు తప్పితే వాల్వులు, పిస్టన్లు కొట్టుకుంటాయి. నీ లక్షన్నర ఒక్క దెబ్బతో పోతుంది.

ఇక రీమ్యాప్. చెడ్డదని నేను అనను. కంపెనీ నుంచి 105 పీఎస్, 175 న్యూటన్ మీటర్ల టార్క్ వచ్చే ఇంజన్ అది. టర్బో బండి కాబట్టి మంచి చేతిలో పడితే తేడా నిజంగా తెలుస్తుంది. కానీ ఆ పవర్ మోసేది ఏడు గేర్ల డ్రై క్లచ్ (ఆయిల్‌లో మునగని క్లచ్) డీఎస్‌జీ. దానికి కంపెనీ పెట్టిన హద్దు 250 న్యూటన్ మీటర్లు. రీమ్యాప్ చేస్తే ఆ హద్దుకు దగ్గరగా పోతావు. పదేళ్లు దాటిన క్లచ్ ప్యాక్ ఎంత అరిగిందో తెలియకుండా పోవడం మంచిది కాదు.

పైగా డ్రై క్లచ్‌కు మన ఊరి ట్రాఫిక్ అసలు పడదు. లీలామహల్ సెంటర్లో సాయంత్రం, అలిపిరి చెకింగ్ దగ్గర రద్దీ రోజుల్లో బండి ఇంచి ఇంచి పాకుతుంది చూడు, అక్కడే క్లచ్ కాలేది. బ్రేకు సగం వదిలి పాకించకు. ముందు బండికి, నీ బండికి మధ్య ఒక కారు పట్టేంత సందు రానివ్వు, అప్పుడు కదిలి మళ్లీ పూర్తిగా ఆగు. బ్రేకు గట్టిగా తొక్కి ఉంచితే క్లచ్ విడిపోయి ఉంటుంది. ఎత్తు మీద యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టడం మాత్రం చేయనే చేయకు.

రీమ్యాప్ విషయంలో మా గుంపులో ఒకడు నష్టపోయాడు. పేరు వద్దు, ఊరూ వద్దు. ల్యాప్‌టాప్ పట్టుకుని ఇంటికొచ్చి పావుగంటలో చేసేస్తానన్నవాడి చేత చేయించుకున్నాడు. ముందు రీడింగులు తీయలేదు, తర్వాతా తీయలేదు. కంప్యూటర్‌లోకి ఎక్కించిన ఫైలు ఏ బండిదో కూడా తెలియదు. నెల రోజులు స్వర్గం. తర్వాత మే నెల ఎండలో చెన్నై హైవే మీద పోతుంటే టకటకమని శబ్దం, వెనక నీలం పొగ. విప్పితే మూడో పిస్టన్ రింగు గాడి విరిగి ఉంది. వేడి గాలి, ఎక్కువ బూస్ట్ (టర్బో ఒత్తిడి), మామూలు పెట్రోలు, ఈ మూడూ కలిస్తే ఇంజన్‌లో నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి పేలడం) వస్తుంది. వాడిని ఆ వారం మాలో ఎవరూ ఎగతాళి చేయలేదు. ఇంజన్ దించడానికి అందరం వెళ్లాం.

నువ్వు చేయించుకుంటే ఇలా చేయించుకో: ముందు బండి స్టాక్‌లో (ఏ మార్పూ లేకుండా) ఎలా నడుస్తోందో లాగ్ (ఇంజన్ రీడింగుల రికార్డు) తీసి చూసేవాడు, తర్వాత కూడా లాగ్ తీసేవాడు, పాత ఫైలు నీ చేతికి ఇచ్చేవాడు. ఆ తర్వాత ఎప్పుడూ ఎక్కువ ఆక్టేన్ (నాకింగ్‌ను తట్టుకునే) పెట్రోలే పోయాలి. ఆ ఖర్చు నెల నెలా భరించగలవా అని ముందే లెక్క వేసుకో.

"కొండెక్కడానికి పవర్ కావాలి కదన్నా" అని కింద కామెంట్లలో ఒకరు రాశారు. ఎక్కే దారి సుమారు 18 కిలోమీటర్లు, దానికి కనీసం 28 నిమిషాలు పట్టాలని నిబంధన. దిగే దారి 19 కిలోమీటర్లు, కనీసం 40 నిమిషాలు. లెక్క వేసి చూడు: ఎక్కేటప్పుడు సగటున గంటకు 39 కిలోమీటర్లు, దిగేటప్పుడు 29 దాటకూడదు. దానికి నీ స్టాక్ పోలో ఎక్కువే. 1944లో వేసిన దారి, ఇప్పుడు మనం దిగేది. ఆ మలుపుల్లో రేసు చేయాలన్న ఆలోచన ఉంటే ఇప్పుడే తీసెయ్. అది భక్తులు వెళ్లే దారి, చుట్టూ ఉన్నది శేషాచలం అడవి, శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు. ఫ్రీ ఫ్లో సౌండు అక్కడ వినిపించడం నాకైతే మనసుకు బాధగా ఉంటుంది. మా సిటీ వీటెక్ వాడు ఒకప్పుడు పెద్ద డబ్బా సైలెన్సర్ వేయించుకుంటే భాయ్ అన్న మాట ఇప్పటికీ చెప్పుకుంటాం: "ఏంది సామీ, నీ బండి సౌండు అలిపిరి దాటె, నువ్వింకా కపిలతీర్థం కాడే ఉండావే?" నిజమే, సౌండు పెరిగింది, కింది రేంజిలో లాగుడు తగ్గింది. రెండు నెలల్లో పాతది బిగించేశాడు.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన మూల నిర్మాణాన్ని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత, అనుమతి లేని ఒక్కో మార్పుకు ఐదు వేల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పని మార్పు నీ క్లెయిమ్‌కు అడ్డుపడొచ్చు. ప్యాడ్లు, ఆయిల్, అదే సైజు టైర్లు, కంపెనీ కొలతల షాకులు, వీటితో ఆ టెన్షన్ లేదు.

నిజంగా వేగం చూడాలనుంటే పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా శ్రీపెరుంబుదూరు వైపు వెళ్లు. ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ (పాత పేరు మద్రాస్ మోటార్ రేస్ ట్రాక్) ఉంది, చుట్టు 3.7 కిలోమీటర్లు. సొంత బండి తెచ్చుకునే ట్రాక్ డేలు అప్పుడప్పుడూ పెడతారు. నేను రెండుసార్లు పాలియోతో వెళ్లాను. మొదటి సెషన్‌లోనే తెలిసింది, నాకు కావాల్సింది పవర్ కాదు, బ్రేకు ఎక్కడ తొక్కాలో నేర్చుకోవడమని. హెల్మెట్, కొత్త బ్రేక్ ఆయిల్, ఒక జత స్పేర్ ప్యాడ్లు పట్టుకెళ్లు.

చెన్నై వెళ్తే పుదుపేటలో పాత పార్టులు చవగ్గా దొరుకుతాయి. అద్దాలు, స్విచ్చులు, లోపలి ప్లాస్టిక్ ముక్కలు నిశ్చింతగా తెచ్చుకో. అల్లాయ్ అయితే మెషీన్ మీద తిప్పించి వంకర లేదని చూశాకే డబ్బులివ్వు. బ్రేకు, సస్పెన్షన్, రబ్బరు సామాను మాత్రం అక్కడ ముట్టుకోకు.

నువ్వే చేయాల్సిన మొదటి పని ఒకటుంది. ఈ రాత్రి బండి ఆపాక పొద్దున దాకా కదిలించకు. పొద్దున బానెట్ తెరిచి, ఫోన్ ఇంజన్ దగ్గర పట్టుకుని ఇంట్లో ఎవరి చేతైనా స్టార్ట్ చేయించు. మొదటి పది సెకన్ల శబ్దం రికార్డ్ చేసి ఇక్కడ పెట్టు. టైరు మీద అంకెలు, బ్రేక్ ఆయిల్ రంగు కూడా ఫోటో తీసి పెట్టు. ఆదివారం షెడ్డులో అందరికీ వినిపించి, ఏమన్నారో రాస్తాను.